పుస్తకంలో లేని మనుషులు

ఇసుక దిబ్బల పక్కన ఒక పల్లె. అక్కడ సుంకన్న ఇంట్లో వాళ్ళకు తమ తెలివంటే మహా గర్వం. వాడితే అరిగిపోతుందని దాచి పెట్టుకునేవాళ్ళు.

ఒకనాడు అడవి ఆఫీసరు వచ్చి సుంకన్న చేతిలో బొమ్మల పుస్తకం పెట్టాడు. దిబ్బల్లో కనిపించిన చెట్టునూ జంతువునూ బొమ్మతో సరిచూసి రాయమన్నాడు. పుస్తకంలో లేనిది ఇక్కడ లేనట్టే అన్నాడు. నాలుగు రోజుల్లో బట్టమేక పిట్ట అనే అరుదైన పక్షి ఇక్కడ ఉందని తేలితే సుంకన్నకు అడవి వాచరు ఉద్యోగం, ఖాకీ చొక్కా. ఆ చొక్కా అంటే సుంకన్నకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

అంతే, భార్య లింగమ్మనూ తమ్ముడు ఓబిలేసునూ వెంటేసుకుని బయల్దేరాడు. మొదట జిల్లేడు చెట్టు కనబడింది. బొమ్మలో పువ్వులున్నాయి, చెట్టుకు లేవు. లింగమ్మ కొప్పులోని కనకాంబరాలు తీసి కొమ్మకు కట్టింది. సరిపోయిందని రాసుకున్నారు. తర్వాత నక్క. బొమ్మలో ఎడమవైపు చూస్తోంది, ఇదేమో కుడివైపు. ఓబిలేసు దాన్ని తిప్పబోయాడు. ఇంకేముంది, పిక్క కరిపించుకుని కుంటుతూ వచ్చాడు.

మూడోనాడు ఇసుకలో పెద్ద పిట్ట అడుగులు కనబడ్డాయి. ఆఫీసరుకు చూపించాలని ఆ ఇసుకంతా గోతంలోకి ఎత్తారు. ఇంటికొచ్చి విప్పితే ఒక్క అడుగూ లేదు. అడుగులు కదా, నడిచి పోయుంటాయని లింగమ్మ తేల్చింది.

నాలుగోనాడు అచ్చం బొమ్మలాంటి పిట్టే, మేకపిల్లంత ఎత్తున, ఎదురొచ్చి నిలబడింది. సుంకన్న గబగబా పుస్తకం తెరిచాడు. బొమ్మను వేలితో కొలిచాడు. ఏడుపొచ్చింది.

"బొమ్మలో బొటనేలంతే ఉండాది. ఇది ఆ పిట్ట కాదప్పా," అన్నాడు.

ముగ్గురూ కలిసి దాన్ని తరిమేశారు. కొలత సంగతి తెలిశాక నక్కనూ జిల్లేడునూ కూడా లెక్కలోంచి కొట్టేశారు. అప్పుడు ఓబిలేసుకు అనుమానమొచ్చింది.

"మరి మనం ఉండామా అన్నా?"

పుస్తకమంతా తిరగేశారు. ముగ్గురిలో ఒక్కరి బొమ్మా లేదు. అంతే, ముగ్గురూ అరుగు మీద నోరు మూసుకుని కూర్చున్నారు.

సాయంత్రం ఆఫీసరు నవ్వుకుంటూ వచ్చాడు. పిట్టను దారిలో తానే చూశానని, ఉద్యోగం ఖాయమని చెప్పి, కొత్త చొక్కా చాపాడు. ముగ్గురూ అతణ్ణి దాటి దిబ్బల వైపే చూస్తున్నారు. భుజం పట్టి ఊపితే సుంకన్న చొక్కా వంక ఆశగా చూసి, కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మేము ఈడ లేము సార్. లేనోనికి చొక్కా తొడిగితే చూసినోళ్ళు నవ్వరా?"