డాక్టరమ్మ భుజం

మస్తాన్ వలీ ఉస్తాద్‌కి ఒక అలవాటుండేది. శిష్యులు ఏదడిగినా నోటితో జవాబు చెప్పేవారు కారు; ముందు తుపాకి చేతికిచ్చేవారు. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చాక, వికారాబాద్ దారిలోని ఒక మైదానంలో, గాలిలోకి ఎగిరే మట్టి పళ్లేలను కొట్టడం నేర్పుతుండేవారు.

ఆయన శిష్యురాలు ఇందుమతి పశువుల డాక్టరు. నలభయ్యో ఏట తుపాకి పట్టింది. ఎద్దు తన్నినా చలించని మనిషి, పేలగానే భుజాన్ని వెనక్కి కొట్టే తుపాకి తన్నుకు మాత్రం బెదిరిపోయింది. భుజం కమిలి నల్లబడింది. రాష్ట్ర పోటీ నాలుగు రోజుల్లో ఉందనగా, ఒక్క పళ్లెమూ పగలడం లేదు. ఆ ఉదయం ఆమె మూడు రకాల తూటాలు బల్ల మీద పరిచింది. ఒకదానిలో సీసపు గుళ్లు ఇరవై నాలుగు గ్రాములు, ఇంకోదానిలో ఇరవై ఎనిమిది, మూడోదానిలో ముప్పై రెండు.

"ఉస్తాద్, వీటిలో ఏది తక్కువ తంతుందో చెప్పండి. లేకపోతే పోటీ నుంచి నా పేరు తీయించేస్తాను."

"అటు తిరుగు డాక్టరమ్మా," అన్నారాయన. ఆమె చూడకుండా తూటా పెట్టి తుపాకి అందించారు.

మొదటిది పేలింది. "అమ్మో! ఇది ముప్పై రెండే," అంది భుజం రుద్దుకుంటూ. ఉస్తాద్ కాలిన తూటా తీసి, దాని మీది అంకె చూపించారు. ఇరవై నాలుగు.

రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే. ఆయన పెట్టింది మందులేని ఉత్త తూటా. కానీ ఇందుమతి భుజం జానెడు వెనక్కి పోయింది. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. "అబ్బా!" అని కేక కూడా వేసింది. మైదానంలో ఉన్న మిగతా శిష్యులంతా ఘొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. తుపాకి ఉస్తాద్‌కిచ్చేసి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఊపిరి కుదుటపడ్డాక, పెదవుల మీద నవ్వు ఇంకా ఉండగానే, ఆయన మళ్లీ చూడనివ్వకుండా పెట్టిచ్చిన మూడోది కాల్చింది. పళ్లెం తునాతునకలై ఎండలో పొడిలా రాలింది.

"కొట్టాను ఉస్తాద్! ఇదే నాకు కావాల్సింది. అసలు తన్నలేదు, ఎంత మెత్తగా ఉందో!"

ఆయన తుపాకి విప్పి తూటా ఆమె అరచేతిలో పెట్టారు. ముప్పై రెండు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే బరువుకూ తన్నుకూ సంబంధం లేదంటారా?"

"ఎందుకు లేదూ? బరువైనది ఎక్కువే తంతుంది," అన్నారు ఉస్తాద్ నవ్వుతూ. "కాకపోతే ఏ తూటా అయినా పేలాకే తంతుందమ్మా. పేలకముందే తన్ని గురి తప్పించేదెవరో, ఇందాక మందులేనిదానికి 'అబ్బా' అన్నారు చూడూ, వాళ్లనడుగు."