విప్పని కట్ట

అనాటమీ చెప్పడంలో తనకు సాటి లేరని డాక్టర్ శేషఫణికి పద్దెనిమిదేళ్లుగా గట్టి నమ్మకం. ఈ ఏడాది మొదటి సంవత్సరం పిల్లలు ఆ నమ్మకాన్ని మంటగలిపారు. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో నూటికి తొంభై మంది ఒకటే రాశారు: “సారు వీపు తప్ప మాకేమీ కనబడదు.” శవాలు కోసి చూపే డిసెక్షన్ హాలు ఇంకొకరికి అప్పగిస్తానన్నారు ప్రిన్సిపాల్.

ఒళ్లు మండిపోయి, ఫారాలన్నీ సంచిలో కుక్కుకుని తన గురువు జోసఫ్ రత్నంగారింటికి వెళ్లాడు. ఆయన రిటైరై పదేళ్లయినా కాలేజీలో ఇప్పటికీ ఆయన మాటే చెల్లుతుంది.

“ప్రిన్సిపాల్‌కి మీరొక ఉత్తరం ముక్క రాసివ్వండి సార్. వీళ్లకి కష్టపడటం చేతకాక తప్పు నా మీదకి తోస్తున్నారు.”

రత్నంగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా చదివారు. కూర్చోమని అనలేదు గనక శేషఫణి నిలబడే ఉన్నాడు.

“బల్ల దగ్గర ఎలా నిలబడతావురా?”

“మీలాగే సార్. శవం మీదకి పూర్తిగా వంగి. అంగుళం తేడా ఉండదు.” గర్వంగానే చెప్పాడు.

పెద్దాయన లేచి లోపలికెళ్లి, దుమ్ము పట్టిన కాగితాల కట్ట తెచ్చారు. కోర్సు ఆఖరి రోజున తలో తెల్లకాగితం ఇచ్చి, “పేరు రాయకుండా మనసులో ఉన్నది రాయండి” అనేవారాయన. ఆ రోజుల్లో అలా అడిగిన మాస్టారు ఇంకొకరు లేరు. పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కట్ట మీద శేషఫణి చదివిన సంవత్సరం వేసి ఉంది.

“విప్పు.”

ముడి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్లతో లాగితే దారం పుటుక్కున తెగింది.

ఏడో కాగితం మీద ఎడమకి వాలిన అక్షరాలు తనవే.

“సార్, చంకలో నరాలు మీ వీపు చాటునే ఉండిపోయాయి. పుస్తకం బట్టీ పట్టి పాసవుతాను. రేపు మనిషిని కోయాల్సి వస్తే ఏం చెయ్యాలో భయంగా ఉంది.”

రాసిన సంగతి మరిచిపోయాడు గానీ, ఆ భయాన్ని మరవలేదు. చేతికొచ్చిన సర్జరీ సీటు వదులుకుని అనాటమీలో చేరింది దానివల్లే. అది ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

“మీరు చదవలేదా సార్?”

“అడిగానని మంచి పేరొచ్చింది. దాంతో సరిపెట్టుకున్నాను.”

శేషఫణి నేల మీద పడ్డ దారం ముక్క తీశాడు. దాన్నేం చెయ్యాలో తెలియక వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

రత్నంగారు పిల్లల ఫారాలు సర్ది అతని చేతిలో పెట్టారు.

“నేనప్పుడే చదివుంటే, నువ్వు నాలా తయారయ్యేవాడివి కాదురా.”