నాలుగు కోతులు, ఒకే వాగు

మద్దిచెట్ల అడవిని రెండుగా చీలుస్తూ ఒక వాగు పారేది. పైన కొండల్లో వాన పడితే, కింద ఎండ కాస్తుండగానే నీరు ముంచుకొచ్చేది. అందుకని జంతువులు రేవులో ఒక సైరన్ పెట్టుకుని, నీరు పెరగ్గానే అది మోగేలా కంప్యూటర్లో ప్రోగ్రాం రాసుకున్నాయి. ఆ ప్రోగ్రాంలో ఎవరు ఏ మార్పు చేసినా పరీక్షల ఫలితం చూసి "సరే" అనాల్సింది లేడి. దాని కూతురు చుక్కి రోజూ అవతలి గట్టున మేసి, సాయంత్రం ఆ రేవు దాటే ఇంటికొచ్చేది.

పరీక్షలు నడిపేది తాబేలు. కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి వాగు ఉండేది. తాబేలు అందులో నీరు పెంచి సైరన్ మోగిందో లేదో చూసేది. నీరంతా తోడేసి, ఆగిందో లేదో చూసేది. ఒకటయ్యాకే ఇంకొకటి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేది. చుక్కి ఇల్లు చేరేసరికి తల్లి ఉండేది కాదు.

ఆ పనంతటికీ నక్కే పెద్ద. ఆలస్యమంటే దానికి ఒళ్ళుమంట.

"తాతా, పరీక్ష చేస్తున్నావా, తపస్సు చేస్తున్నావా?" అని తాబేలును ఎత్తిపొడిచి, నాలుగు కోతుల్ని పిలిపించింది. పరీక్షల్ని నాలుగు వాటాలు వేసి, అన్నీ ఒకేసారి నడపమంది.

"ఉన్నది ఒకటే వాగు కదా నాయనా. ఒకడు నింపుతుంటే ఇంకొకడు తోడేస్తాడు. నలుగురికీ నాలుగు వాగులు చేసిస్తాను, ఒక్క వారం ఆగు," అంది తాబేలు.

నక్క ఆగనంది. లేడి వైపు తిరిగి, "ఏం వదినా, పెందలాడే ఇంటికెళ్ళడం నీకు మాత్రం చేదా?" అంది.

లేడి సరేనని తల ఊపింది.

మధ్యాహ్నానికే పని తెమిలిపోసాగింది. కాకపోతే కొన్ని పరీక్షలకు, తప్పుందని చెప్పే ఎర్ర దీపం ఊరికే వెలిగేది. ఒక కోతి నీరు నింపి సైరన్ కోసం చెవులు రిక్కించేలోగా ఇంకో కోతి తోడేసేది. తప్పు నీదంటే నీదని కోతులు కొట్టుకునేవి. నక్క మళ్ళీ నడపమనేది. మళ్ళీ నడిపితే, అంతా బాగుందని పచ్చ దీపం వెలిగేది. అందరికీ అదే అలవాటైంది. లేడికి కూడా.

వానాకాలం మొదట్లో ప్రోగ్రాంలో ఒక మార్పు జరిగింది. నీరు గబగబా పెరిగితే సైరన్ మోగట్లేదని ఎర్ర దీపం వెలిగింది.

"అమ్మాయీ, ఇది కోతుల గొడవ కాదేమో. నేనొక్కణ్ణే విడిగా నడిపి చూస్తాను," అంది తాబేలు.

లేడి బయటికి చూసింది. చుక్కి వచ్చే వేళవుతోంది.

"మళ్ళీ నడపండి," అంది.

మళ్ళీ ఎరుపే. ఇంకోసారి నడిపితే పచ్చ దీపం వెలిగింది. పక్క కోతి తోడుతుండడం వల్ల ఈసారి నీరు నెమ్మదిగా పెరిగిందని ఎవరూ గమనించలేదు. లేడి "సరే" అని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కొండల్లో వాన కురిసింది. వాగు హోరు లేడికి వినబడింది. సైరన్ వినబడలేదు.

దిగువన చెట్ల వేళ్ళలో చిక్కుకున్న చుక్కిని నీటికుక్కలు పైకి లాగాయి. ప్రాణం మిగిలింది. వెనక కాలు మిగల్లేదు.

"సైరన్ మోగలేదు కదమ్మా. అందుకే దిగాను," అంది చుక్కి.



పచ్చ దీపం చూసి సరే అన్నది వదినే కదా అని నక్క అడవి పెద్దల ముందు వాదించింది. లేడి కాదనలేదు. పెద్దలు అంతా విని, ప్రోగ్రాం బాగయ్యేదాకా తొందరపెట్టిన నక్కే రేవులో కూర్చుని, నీరు పెరిగినప్పుడల్లా ఊళ వేయాలని తీర్పు చెప్పారు. వానలో తడిసి దాని గొంతు బొంగురుపోయింది. పరీక్షలు తొందరగా కానివ్వండని కేకేసే ఓపిక కూడా దానికి లేకపోయింది.

వారం తిరిగేసరికి తాబేలు నాలుగు ఉత్తుత్తి వాగులు చేసింది. ఎవరి వాగు వారిది. కోతులు నాలుగూ ఒకేసారి నడిపినా ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఎర్ర దీపం వెలిగిందంటే తప్పున్నట్టే. పని ఇంకా ముందే ముగిసేది.

లేడి ఇప్పుడు పెందలాడే ఇంటికొస్తోంది. చుక్కి ఎదురు పరిగెత్తదు. గోడకు ఆనుకుని మెల్లగా లేచి నిలబడుతుంది. అది లేచేదాకా లేడి గుమ్మంలోనే ఆగుతుంది.

నీతి: పనులు ఒకేసారి నడవాలంటే ముందు వాటిని విడదీయాలి. ప్రమాదం ఉందని చెప్పినదాన్ని, నచ్చిన జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడగకూడదు.