మూడో అతుకు దగ్గర కోడి

గుమ్మలూరి వారింట్లో తెలివి కాస్త ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే చెప్పుకున్నారు. అన్న సోమేశం, తమ్ముడు కామేశం, చెల్లెలు భీమేశ్వరి. అందరికీ డిగ్రీలున్నాయి. ఆ పటాలు తగిలించడానికి గోడ చాలక కిటికీ కూడా మూసేశారు.

ఉద్యోగం శచీదేవి మేడం ప్రయోగశాలలో. మేడం ఏళ్ళ తరబడి కష్టపడి, సొరంగంలో ఒక పొడవాటి యంత్రం కట్టింది. గొట్టంలో ఈ చివర కణాల్ని తోస్తే, మెరుపులా పరుగెత్తి ఆ చివర తేలాలి. దారిలో కొన్ని గోడకి తగిలి పోతాయి. మరీ ఎక్కువ పోతే గొట్టం పాడవుతుంది. ఎక్కడ, ఎంత పోతాయో ముందే చూపించకపోతే తనిఖీ సంఘం యంత్రానికి తాళం వేసేస్తుంది.

"సోమవారమే తనిఖీ. కంప్యూటర్లో నమూనా చేసి చూడండి. నమూనాలో ఏం జరిగితే అసలు యంత్రంలోనూ అదే జరగాలి. ఇసుమంత తేడా ఉందో, మన కొంప మునిగినట్టే!" అని చెప్పి మేడం ఊరెళ్ళింది.

అంతే, ముగ్గురూ ఇంటికొచ్చి కంప్యూటర్ మూత విప్పారు.

"ఇందులో గొట్టం పట్టదన్నయ్యా," అంది భీమేశ్వరి.

"పెరట్లో పడుతుందిగా!" అన్నాడు సోమేశం.

ఇంకేముంది, నీళ్ళ గొట్టాలు తెచ్చి అతికించారు. కణాలంటే చిన్నవి కదా, వంటింట్లో వెతికితే ఆవాలు దొరికాయి. ఈ చివర ఆవాలు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టారు. మూడో అతుకు దగ్గర ఆవాలు జలజలా కారాయి. పెరట్లో కోడి గబగబా వచ్చి మొత్తం తినేసింది.

"నష్టం దొరికింది!" అని కామేశం గంతులేశాడు. "మూడో అతుకు. కారణం, కోడి!"

ఉరుకుల మీద సొరంగంలోకి వెళ్ళి చూశారు. మూడో అతుకుంది. కోడి లేదు.

"అయ్యో, తేడా వచ్చిందే! పెరట్లో కోడిని తోలేద్దామా?" అంది భీమేశ్వరి.

"సిగ్గులేదుటే? కళ్ళారా చూసినదాన్ని తీసేస్తే అది శాస్త్రమా, మోసమా?" అని సోమేశం గయ్యిమన్నాడు.

అంతే, కోడిని సంచిలో పెట్టుకెళ్ళి సొరంగంలో వదిలి తలుపేశారు.

సోమవారం తనిఖీ సంఘం వచ్చింది. మేడం దణ్ణం పెట్టుకుని మీట నొక్కింది. యంత్రం కదల్లేదు, గంట గణగణా మోగింది. లోపల ప్రాణి ఉంటే అది మోగుతుంది.

"లోపల ఎవరున్నారు?" అని అరిచాడు సంఘం పెద్ద.

"నష్టం ఉంది సార్!" అన్నాడు కామేశం గర్వంగా.

తలుపు తీస్తే, మూడో అతుకు కింద కోడి. కోడి కింద గుడ్డు.

మేడం గోడకి జారబడింది. "ఎంత పోయిందయ్యా?" అన్నాడు పెద్దాయన, పళ్ళు నూరుతూ.

"పోయింది లేదు సార్. పైగా ఒకటి పెరిగింది," అన్నాడు కామేశం.

పెద్దాయన సాక్ష్యం కింద కోడిని పట్టుకుపోతూ, "నమూనా, యంత్రం అచ్చంగా సరిపోయేదాకా ఈ తాళం తియ్యను!" అని తాళం వేయించాడు.

"ఏం చేస్తారో నాకు తెలీదు. సరిపోవాలి!" అంది మేడం, ఏడుపు ఆపుకుంటూ.

ముగ్గురూ పెరట్లోకి పరుగెత్తారు. యంత్రం దగ్గర గుడ్డుంది, నమూనాలో లేదు. పెడదామంటే కోడీ లేదు.

ఇంకేముంది, మూడో అతుకు కింద గడ్డి పరిచి కామేశాన్ని కూర్చోబెట్టారు.

"ఏమైనా తెలుస్తోందిట్రా?" అని సోమేశం అడుగుతూనే ఉన్నాడు.

"కంగారు పెట్టకన్నయ్యా," అన్నాడు కామేశం. "ముందు కాసిని ఆవాలు వెయ్యండి."