ఛాతీ నలభై

కోటిలింగం భార్యకి కంటి ఆపరేషన్ ఆపేశాడు. ఆస్పత్రివాళ్ళు బుధవారం రమ్మంటే వెళ్ళలేదు. ఎందుకయ్యా అంటే, షేర్ మార్కెట్ పడిపోయింది, లేచాక చూద్దామన్నాడు.

ఈ కోటిలింగం కూడా మాలాగే దుర్గయ్యగారి శిష్యుడు. కరెంటాఫీసులో గుమాస్తా చేసి నాలుగేళ్ళ కింద రిటైరయ్యాడు. పెన్షన్ ఒకటో తారీఖున పడుతూనే ఉంది. ఆపరేషన్ డబ్బు పోస్టాఫీసులో విడిగా ఉంది, దానికేం కాలేదు. మిగిలినదాంట్లో కొంత మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాడు. అదిగో, అది తగ్గినప్పట్నించీ మనిషి మనిషిలా లేడు. తత్వాలు పాడేటప్పుడు తాళాలకి రెండు చేతులూ కావాలి కదా, ఈయనకి ఒకటే ఖాళీ. రెండోదాంట్లో ఫోను.

మా గురువుగారు దర్జీ. శిష్యుల దగ్గర దక్షిణ పుచ్చుకోరు సరికదా, ఏటా గురుపౌర్ణమికి ఆయనే తలా ఒక చొక్కా కుట్టి ఇస్తారు. ఆ ఆదివారం వరసగా మా కొలతలు తీస్తున్నారు. కోటిలింగం వంతు వచ్చింది.

"ఈసారి నాకొద్దు లెండి స్వామీ. సగానికి సగం చితికిపోయాను."

"సగమేనా? అయితే గుడ్డ కలిసొస్తుంది. లే, నిలబడు."

పక్కనే కూర్చున్న కోటిలింగం భార్య శేషమ్మ అందుకుంది. "ఫోనులో షేర్లు ఎర్రగా ఉన్నాయంటే ఆ పూట అన్నం కూడా సగమే స్వామీ."

"నువ్వూరుకో," అన్నాడు కోటిలింగం, లేచి నిలబడుతూ.

గురువుగారు ఆయన ఛాతీ చుట్టూ టేపు తిప్పి, కలిసినచోట వేలితో నొక్కి పట్టుకున్నారు. "నా కళ్ళజోడు మిషను మీద ఉండిపోయింది. శేషమ్మా, ఎంతుందో చెప్పు తల్లీ."

శేషమ్మ ముక్కు టేపుకి తగిలేంత వంగింది. "ముప్పయ్యారు... కాదు, ముప్పైనాలుగేమో స్వామీ. అంతా మంచు పట్టినట్టుంది."

గురువుగారు టేపు వదల్లేదు. "లింగం, నువ్వు చూడు."

కోటిలింగం మెడ వంచి చూశాడు. "నలభై."

కొలతల పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. "పోయినేడు ఎంతో చదవవయ్యా," అన్నారు నాతో. చదివాను. నలభై.

గురువుగారు టేపు తీసి మెళ్ళో వేసుకున్నారు.

"అప్పుడూ నలభయ్యే, ఇప్పుడూ నలభయ్యే. నీలో తరిగిందేదో ఆమెకొక్కదానికే కనబడుతోందయ్యా."

మామూలుగా అందరికంటే ముందు నవ్వేది నేనే. ఆ రోజు నవ్వలేదు.

కోటిలింగం కూర్చున్నాడు. ఫోను బోర్లా పెట్టాడు, మళ్ళీ తీశాడు. భార్య వైపు చూడకుండానే అడిగాడు. "ఆ ఆస్పత్రి నంబరుందా నీ దగ్గర?"

శేషమ్మ కొంగు ముడి విప్పి నలిగిన చీటీ తీసింది.

"ఉంది. అంకెలే కనబట్టం లేదు."

కోటిలింగం చీటీ అందుకుని, ఒక్కొక్క అంకే పైకి చదువుతూ నొక్కాడు.