నోట్లో బాతుపిల్ల

అది పందొమ్మిది వందల డెబ్బై రెండో సంవత్సరం, ఎండాకాలం. ఈస్టరు ముందరి తపస్సు రోజులు. వాగు ఎండి ఇసుక తేలింది. నీళ్లంటూ ఉంటే క్రైస్తవ మిషను వాళ్ల దొడ్డిలో బావి పక్క తొట్టిలోనే. ఆ తొట్టికి ఒక కట్టుబాటు ఉంది. సాటి జీవికి చెడు చేసినవాడు ఆ సంగతి ఎద్దు తాత చెవిన వేసి, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం చేసేదాకా తొట్టిలో మూతి పెట్టకూడదు. ఎద్దు తాత ఆ బావి దగ్గర మోట లాగి ముసలైనవాడు. మేత నెమరుకు తెచ్చుకుంటాడు గాని, విన్నమాట మాత్రం పైకి రానివ్వడు.

నక్కకు నాలుక పిడచకట్టుకుపోయింది. నిలబడితే కాళ్లాగవు, పడుకుంటే కన్ను మూతపడదు. ఆ దొడ్డిలోని బాతమ్మ పిల్లల్ని ఎత్తుకుపోయింది అదే. కుంటిపిల్ల ఒకటి ఇంకా బొరియలో బతికే ఉంది. పండక్కని దాచుకుంది. పండగ దాకా ప్రాణం నిలవాలంటే నీళ్లు కావాలి.

"తాతా, బాతు పిల్లల్ని తిన్నాను. కడుపు తరుక్కుపోతోంది."

"కడుపా, గొంతా?"

"రెండూ అనుకో. క్షమించావంటే నాలుగు గుక్కలు తాగి పోతా."

"క్షమించేది పైవాడురా. నేను ఉత్త చెవిని. అన్నీ తిన్నావా?"

నక్క చూపు బొరియ వైపు వెళ్లి వచ్చింది. "అన్నీ. ఈక కూడా మిగల్లేదు."

"సరే. బాతమ్మ పక్కన పొద్దువాలేదాకా కూర్చో. తర్వాత తాగు."

ఇంతేనా, ముసలాడికి మతి పోయింది అనుకుంటూ నక్క వెళ్లి కూర్చుంది.

"రా నక్క బావా," అంది బాతమ్మ. "గద్ద తన్నుకుపోయిందంటున్నారు అందరూ. మా కుంటిది ఎక్కడైనా కనపడిందా? దానికోసం ఒక నత్త దాచాను. చిన్నముక్కలు చేసి పెడితే గాని మింగలేదు."

నక్క చెవులు గోక్కుంది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. నేల కాలుతున్నట్టుంది. తొట్టిలో నీళ్లు మెరుస్తున్నా అటు చూడబుద్ధి కాలేదు. పొద్దువాలకముందే లేచి ఎద్దు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, ఇందాక ఒకటి దాచాను. కుంటిది బతికే ఉంది."

"అయితే తెచ్చివ్వు."

"ఎలా తేను? అది నడవలేదు. నోట కరుచుకొస్తే దొడ్డి కాపలా కుక్క దొంగననుకుని చీల్చేస్తుంది. నువ్వు కాస్త దాని చెవిన వెయ్యరాదా?"

"విన్నది చెప్పను. నువ్వే చెప్పుకో."

"నక్క మాట కుక్క నమ్ముతుందా?"

"ఇన్నాళ్లూ ఎవరినైనా నమ్మనిచ్చావా?"

నక్క బొరియకు పోయి, పిల్లను పంటి కింద పడకుండా నోట పట్టుకుని దొడ్డిలోకి వచ్చింది. కుక్క వెనకనుంచి దూకి తోక అందుకుంది.

"దొంగ దొరికాడు," అంది పళ్ల సందునుంచే.

కాదని చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే పిల్ల కుక్క కాళ్లకింద పడుతుంది. నక్క నోరు తెరవలేదు. తోక కుక్క నోట్లోనే వదిలేసి వచ్చి పిల్లను తల్లి ముందు దించింది.

బాతమ్మ పిల్లను రెక్కకింద వేసుకుంది. "బావా అని పిలిచాను నిన్ను," అని పక్కకు జరిగి, తొట్టికి దారి ఇచ్చింది.

"తాగు," అన్నాడు ఎద్దు తాత. "తీరిపోయింది."

నక్క కడుపునిండా తాగి, అక్కడే తొట్టినీడన నిద్రపోయింది.

నోటితో ఒప్పుకున్న తప్పును కాళ్లతో నడిచి దిద్దుకోవాలి.

నక్కకు తోక మళ్లీ మొలవలేదు.