మబ్బుగరువుకి వెళ్ళిన తోడికోడళ్ళు

అనగనగా కొండల కింద ఒక ఊళ్ళో వరహాలమ్మ, సన్యాసమ్మ అని ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు కన్నా. పెద్దది వరహాలమ్మ. ఆవిడకి కాళ్ళూ జోరే, నోరూ జోరే. చిన్నది సన్యాసమ్మ. ఏదైనా చూసిందంటే చాలు, అక్కడే నిలబడిపోయేది.

వాళ్ళ పెరట్లోంచి చూస్తే కొండ మీద మూడు ఊళ్ళు కనిపించేవి, ఒకదాని పైన ఒకటి. అన్నిటికన్నా పైనున్నది మబ్బుగరువు. ఆ ఊళ్ళో పొద్దున్నే లేస్తే మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయట! కాపరానికొచ్చిన కొత్తలో ఆ మాట విన్నది మొదలు, వరహాలమ్మకి ఒక్కసారి అక్కడికి వెళ్ళి చూడాలని ఆశ. కానీ గొడ్డూ గోదా, పిల్లలు, పెళ్ళిళ్ళు... ఎక్కడ కుదురుతుంది చెప్పు?

ఆఖరికి ఒక ఏడాది కోతలైపోయాక, "పదవే సన్యాసీ, కొండెక్కి వద్దాం" అంది. "పదక్కా" అంది సన్యాసమ్మ. ఇద్దరూ చద్దన్నం తిని, చెరో మూటా పట్టుకుని బయల్దేరారు.

ఎక్కగా ఎక్కగా మొదటి ఊరు వచ్చింది. పనసపుట్టు. ఎర్రమట్టితో అలికిన గోడలు, అరుగుల మీద ఆడవాళ్ళు కూచుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతున్నారు. సన్యాసమ్మ వాళ్ళ పక్కన చతికిలబడి తనూ ఒక విస్తరి కుట్టింది. వంకరగా వచ్చింది. అందరూ నవ్వారు. "లేవవే, పొద్దెక్కుతోంది" అని వరహాలమ్మ రెక్క పట్టుకుని లేపింది.

ఆ తర్వాత రెండో ఊరు, తేనెవలస. అబ్బ, ఏం చెప్పను! వాలంతా వలిసె పూలే. కొండకి పసుపు రాసినట్టు ఉంది. ఆ పూల మీద తేనెటీగల రొద. ఒక ముసలాయన ఆకులో ఇంత తేనె పోసి ఇచ్చాడు. సన్యాసమ్మ ఆ తేనె నాకుతూ, ఆయన మనవల పేర్లు అడుగుతూ, పూలలోనే ఉండిపోయింది.

అప్పుడు వరహాలమ్మకి ఒళ్ళు మండింది. "నీతో వస్తే ఈ జన్మకి మబ్బుగరువు చేరం. నువ్వు తీరిగ్గా రా. నేను పోతున్నా!" అనేసింది. చరచరా ఎక్కిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

సగం దారిలో మంచు దిగింది. ఎలాంటి మంచనుకున్నావు? చెయ్యి చాపితే వేళ్ళు కనపడని మంచు. వరహాలమ్మ తడుముకుంటూ, తడుముకుంటూ ఎలాగో మబ్బుగరువు చేరింది. బుద్రి అని ఒకామె ఆవిడని చూసి, లోపలికి పిలిచి, పొయ్యి దగ్గర కూచోబెట్టి వేడివేడి అంబలి ఇచ్చింది.

వరహాలమ్మ ముంత పట్టుకుంది గానీ తాగలేదు. సన్యాసి ఎక్కడుంది? ఆ దారికి ఒక పక్కంతా లోయ. 'అయ్యో, ఎంత మాట అన్నాను! దానికేమన్నా అయితే ఇంటికెళ్ళి మా మరిదికి ఏం చెప్పను?' ముంత కింద పెట్టి, "అమ్మా, మా తోడికోడలు వెనకాల ఉండిపోయింది" అని బావురుమంది.

"ఏడవకమ్మా, వెతుకుదాం" అంది బుద్రి.

అప్పుడు ఊరివాళ్ళంతా దారి మొదట్లో నిలబడి "ఓ..." అని కేకేశారు. జవాబు లేదు. ఆ తర్వాత ఎండుగడ్డి పోగేసి మంట వేశారు. ఆ వెలుగునీ మంచు మింగేసింది. ఆ తర్వాత బుద్రి మొగుడు డప్పు తెచ్చి గట్టిగా వాయించాడు. వాయించి ఆపాడు. అందరూ చెవులు రిక్కించారు.

కింద నుంచి సన్నగా "టంగు... టంగు..." అని వినిపించింది.

వరహాలమ్మ ఒక్క పరుగు తీయబోయింది. బుద్రి చెయ్యి పట్టి ఆపింది. "నువ్వు పరిగెత్తితే మేము ఇద్దర్ని వెతకాలి. నా కొంగు పట్టుకుని రా" అంది. అలా కొంగు పట్టుకుని, చిన్నపిల్లలా, వరహాలమ్మ ఆ వాలు దిగింది.

దిగితే ఏముంది? ఒక బండకి ఆనుకుని సన్యాసమ్మ! అక్క వెనకాలే ఎక్కుతూ జారి పడింది, కాలు బెణికింది. చేతిలో రాయి, ఒళ్ళో మంచినీళ్ళ చెంబు. రాయితో చెంబుని కొడుతోంది.

"అక్కా, వచ్చావా! ఈ మంచులో నువ్వెక్కడ దారి తప్పావోనని భయపడి చచ్చాను. చప్పుడు వింటే వస్తావని ఇందాకట్నుంచీ కొడుతూనే ఉన్నా" అంది.

వరహాలమ్మ ఆమె పక్కన కూలబడింది. "ఒసే పిచ్చిదానా! కాలు విరగ్గొట్టుకుని కూచుని, నా కోసం చెంబు కొడుతున్నావా?" అని తిట్టింది. తిడుతూనే వాటేసుకుంది. వాటేసుకుని ఏడ్చింది. "ఇంకెప్పుడూ నిన్ను వదిలి పోనే" అంది.

అప్పుడు బుద్రి సన్యాసమ్మని వీపున ఎక్కించుకుని, మూట మోసినంత తేలిగ్గా పైకి తీసుకొచ్చింది. పసుపూ సున్నం కలిపి కాలికి పట్టు వేసింది. తోడికోడళ్ళిద్దరూ ఒకే ముంతలో అంబలి తాగారు. వరహాలమ్మకి అప్పటికి ఆకలి తెలిసింది. రెండోసారి అడిగి మరీ పోయించుకుంది.

మర్నాడు పొద్దున్నే బుద్రి తలుపు తీసి, "రండమ్మా, చూడండి!" అని పిలిచింది. బయట ఎండ మెరుస్తోంది. మబ్బులన్నీ ఏకిన దూదిలా కొండ కింద పరుచుకుని ఉన్నాయి.

వరహాలమ్మ వాటిని చూడలేదు. ముందు వంగి తోడికోడలి కాలు పట్టుకుని చూసింది. వాపు తగ్గింది. "అమ్మయ్య" అనుకుంది. ఆ తర్వాత అరుగు మీద సన్యాసమ్మ పక్కన కూచుని, భుజం మీద చెయ్యేసి, అప్పుడు చూసింది మబ్బుల్ని.

మంచు కరిగింది, మబ్బు జరిగింది,
కొండ దిగి కథ కంచికి కదిలింది.
మనమేమో ఇంట్లో, వెచ్చని బొంతలో,
కన్ను మూసి బజ్జో, అమ్మమ్మ చెంతలో.